ఎగ్జిబిషన్‌లో పిల్లల్ని రైడ్ ఎక్కించే ముందు

మీరు రాసిన దాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. గత వేసవిలో మీ కాలనీ పక్క ఖాళీ స్థలంలో వెలిసిన ఒక మేళాలో మీరూ మీ తొమ్మిదేళ్ల పాపా ఎక్కిన జెయింట్ వీల్ పావుగంటకు పైగా మధ్యలో ఆగిపోయింది. పాప అప్పటి నుంచి రాట్నం పేరెత్తితేనే ముఖం తిప్పుకుంటోంది. ఐదేళ్ల బాబు మాత్రం ఈ జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్‌కు వెళ్లి అన్నీ ఎక్కాల్సిందేనని పట్టుబడుతున్నాడు. ఆ చక్రం ఎందుకు ఆగింది, ఒక రైడ్ నమ్మదగినదో కాదో టికెట్ కొనే ముందే ఎలా పోల్చుకోవాలి, 68 ఏళ్ల మీ అమ్మగారు ఒక్కసారి జెయింట్ వీల్ ఎక్కాలని ఉందంటున్నారు, ఎక్కించవచ్చా అని అడిగారు. నేను బాలానగర్‌లో క్రేన్లు తయారుచేసే వర్క్‌షాపుల్లో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఆ తర్వాత వెల్డింగులనూ షాఫ్టులనూ పరీక్షించే పనిమీద మేళాల వాళ్ల రైడ్లను కూడా చాలా ఏళ్లు దగ్గరగా చూశాను. కనుక కాస్త వివరంగానే చెబుతాను.

రైడ్‌లో మనల్ని భయపెట్టే భాగం ఒకటి, మనకు హాని చేయగల భాగం మరొకటి. ఈ రెండూ ఒకచోట ఉండటం అరుదు. ఎత్తు, వేగం, తలకిందులు కావడం, కడుపులో ఏదో జారినట్టు అనిపించడం లెక్కగట్టి పెట్టిన సంగతులు, వాటికోసమే మనం డబ్బులిస్తాం. హాని చేయగలిగినవి స్తంభం కింద పెట్టిన చెక్కదిమ్మె, రెండు ముక్కలను కలిపే పిన్ను, ఇరుసు మీది వెల్డు, తొడల మీదికి దించే బారు, రెండు రోజులుగా సరిగ్గా నిద్రపోని ఆపరేటరు. వీటిని చూసి ఎవరికీ గుండె దడదడలాడదు, కాబట్టి ఎవరూ చూడరు. తల్లిదండ్రులు పైకి చూసి నిర్ణయం తీసుకుంటారు, నేను మిమ్మల్ని కిందికి చూడమంటాను.

మొదట మీ చక్రం సంగతి. మేళాల్లో తిరిగే జెయింట్ వీళ్లలో చాలావాటిని అంచుకు ఒత్తుకుని తిరిగే రబ్బరు టైర్లు నడుపుతాయి, మరి కొన్ని పాతవాటిలో చక్రం చుట్టూ వేసిన తాడును మోటారు లాగుతుంది. రెండింట్లోనూ పట్టు రాపిడి మీదే ఆధారపడి ఉంటుంది. చక్రం తిరగడానికి పెద్ద శక్తి అవసరం లేదు, ఎందుకంటే ఒక పక్క పైకెళ్లే పెట్టెల బరువును రెండో పక్క కిందికి దిగే పెట్టెలు సరితూస్తాయి. అందుకే అనుభవమున్న ఆపరేటరు జనాన్ని వరసగా ఎక్కించడు. ఒక పెట్టె నింపి, చక్రాన్ని సగం తిప్పి, దానికి ఎదురుగా ఉన్న పెట్టెను నింపుతాడు, ఆ తర్వాత అడ్డంగా ఉన్న రెండింటినీ నింపుతాడు. మనకు అది విసుగుగా ఉంటుంది, వరసలో మన ముందున్నవాళ్లను వదిలి వెనకవాళ్లను పిలుస్తున్నట్టు కూడా కనిపిస్తుంది. ఆ క్రమం తప్పి ఒక పక్కే బరువు పడితే చక్రం కిందికి దిగేటప్పుడు పరుగెత్తి, పైకి ఎక్కేటప్పుడు ముక్కుతుంది, టైరు జారుతుంది, మోటారు వేడెక్కి ట్రిప్ అవుతుంది. ఆ రాత్రి కరెంటు పోయి జనరేటరు మీదికి మారడంలో ఆలస్యమైనా ఇదే జరుగుతుంది. రెండింటిలో ఏది జరిగిందో దూరం నుంచి నేను చెప్పలేను గానీ, మీరు రాసిన "ముందు రెండు చుట్లు గుంజుతున్నట్టు తిరిగింది" అన్న మాటను బట్టి బరువు సరితూగలేదనే నా అనుమానం.

ఆగిన చక్రం ప్రమాదకరమైన చక్రం కాదని మీ పాపకు చెప్పండి. తిరుగుతున్నప్పుడు షాఫ్టు మీదా చువ్వల మీదా పడే ఒత్తిడి మారుతూ ఉంటుంది, ఆగినప్పుడు అది స్థిరంగా ఉంటుంది. చక్రం ఆగితే మనుషులు చేయాల్సిన పని ఒక్కటే, పెట్టెలో లేవకుండా కూర్చోవడం. తలుపు గొళ్లెం తీసి చువ్వల మీదుగా దిగబోయినవాళ్లే దెబ్బలు తగిలించుకుంటారు. మంచి ఆపరేటరుకు మోటారు లేకుండానే చేతులతో చక్రాన్ని తిప్పి ఒక్కో పెట్టెనూ కిందికి తెచ్చే పద్ధతి తెలిసి ఉంటుంది, తిప్పేటప్పుడు కూడా బరువు సరితూగేలా ఎదురెదురు పెట్టెలను దింపుతాడు. 2025 జనవరిలో నాంపల్లిలోనే ఒక రైడ్ మనుషులు తలకిందులుగా ఉన్న స్థితిలో చాలాసేపు ఆగిపోయింది, ఆ వీడియో మీరూ చూసి ఉంటారు. అందులో ఉన్నవాళ్లు క్షేమంగానే దిగారు, ఎందుకంటే భుజాల మీదుగా వచ్చే ఆ బార్లు కరెంటు పోయినా తెరుచుకోని విధంగా తాళం పడి ఉంటాయి. అయితే తలకిందులుగా వేలాడటం పెట్టెలో కూర్చుని ఆకాశం చూడటం లాంటిది కాదు. రక్తపోటు ఉన్నవాళ్లు తలకిందులయ్యే రైడ్ల జోలికి పోకూడదని చెప్పేది ఇందుకే.

మన మేళాల చక్రాలు విదేశాల చక్రాల కంటే ఎందుకు ఎక్కువ భయపెడతాయో కూడా చెబుతాను, లెక్క సులువు. లండన్‌లోని 135 మీటర్ల చక్రం ఒక్క చుట్టు తిరగడానికి సుమారు 30 నిమిషాలు తీసుకుంటుంది, అందులో నిలబడి టీ తాగవచ్చు. మన మేళా చక్రం వ్యాసార్థం 8 మీటర్లు, నిమిషానికి 6 చుట్లు అనుకోండి. పైభాగానికి చేరినప్పుడు మీ బరువులో మూడోవంతు మాయమైనట్టు ఉంటుంది, అడుగుకు వచ్చినప్పుడు మూడోవంతు పెరిగినట్టు ఉంటుంది. పది సెకండ్లకోసారి ఈ మార్పు జరుగుతుంది కాబట్టి పొట్టలో ఆ జారుడు. వేగం 8 చుట్లకు పెంచితే ఆ మూడోవంతు సగం దాటుతుంది. యువకుల గుంపు కేకలు వేస్తే హుషారుకొద్దీ వేగం పెంచే ఆపరేటర్లను నేను చూశాను. అలాంటివాడి రైడ్‌కు పిల్లల్ని తీసుకెళ్లవద్దు.

ఇక హాని చేసే భాగాలకు వద్దాం. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో జార్జ్ ఫెర్రిస్ నిలబెట్టిన మొదటి పెద్ద చక్రం 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెల్లో ఒకేసారి 2,160 మందిని మోసేది. దాని ఇరుసు ఒక్కటే సుమారు 40 టన్నుల బరువు. ఆ చక్రాన్ని నిలబెట్టడానికి భూమిలో దాదాపు 35 అడుగుల లోతు వరకు పునాదులు దింపారు. మన మేళా చక్రానికి పునాది ఉండదు, అది నేలమీద పరిచిన చెక్కదిమ్మెల మీద నిలబడుతుంది. రైలుపట్టాల కింద వేసే స్లీపర్ల లాంటి మందపాటి దిమ్మెలను అడ్డంగా, వాటిపైన నిలువుగా పేర్చి, స్పిరిట్ లెవెల్‌తో సరిచూసి, దానిమీద స్తంభాల పాదాలు ఆనిస్తారు. ఇది తప్పుడు పద్ధతేమీ కాదు, సరిగ్గా చేస్తే ఎన్ని వేల చుట్లయినా చెక్కుచెదరదు. సరిగ్గా చేయడమంటే నేల గట్టిగా ఉండాలి, దిమ్మెలు పగలకుండా ఉండాలి, రెండు మూడు రోజులకోసారి మళ్లీ లెవెల్ చూసుకోవాలి.

నాంపల్లి ఎగ్జిబిషన్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పుడున్న మైదానానికి వచ్చింది. ఇన్ని దశాబ్దాలుగా జనం తొక్కి, రోలర్లు తిరిగి గట్టిపడిన నేల అది, పైగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో వాన బెడద తక్కువ. మీ కాలనీ పక్కన వేసిన మేళా స్థలం అలాంటిది కాకపోవచ్చు. మన నగర శివార్లలో ఖాళీ ప్లాట్లు చాలావరకు కూల్చిన ఇళ్ల మట్టి, ఇటుక ముక్కలు పోసి చదును చేసినవి. పైన గట్టిగా కనిపిస్తుంది, లోపల బోలుగా ఉంటుంది, ఒక్క వానకు ఒక మూల అంగుళం కుంగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట హైదరాబాద్ మీదికి వచ్చే ఈదురుగాలుల సంగతి మీకు తెలిసిందే. వాన కురిసి వెలిసిన మరునాడు శివారు మేళాలో పెద్ద రైడ్ ఎక్కకపోవడం నేను నా మనవళ్లకు కూడా పెట్టిన నియమం. దిమ్మెల దగ్గర చుట్టూ బురద ఉన్నా, దిమ్మె ఒక పక్కకు నొక్కుకుపోయినా, సందుల్లో పలకరాళ్లూ టైల్స్ ముక్కలూ దోపి సరిపెట్టినా, టికెట్ కొనకుండా వచ్చేయండి.

దిమ్మెల తర్వాత చూడాల్సినవి పిన్నులు. తిరుగుతూ ఉండే మేళా రైడ్‌కూ పార్కులో ఒకేచోట స్థిరంగా ఉండే రైడ్‌కూ అసలు తేడా ఇదే. మేళా రైడ్‌ను ఏడాదికి ఐదారుసార్లు విప్పి, లారీకెక్కించి, మరో ఊళ్లో మళ్లీ బిగిస్తారు. త్వరగా బిగించడానికి బోల్టులకు బదులు చాలాచోట్ల బొటనవేలంత లావు పిన్నులు వాడతారు, ఆ పిన్ను జారిపోకుండా దాని కొసన ఉన్న చిల్లులో చిన్న కాటర్ పిన్ను దూర్చి రెండు కాళ్లనూ విరిచి వంచుతారు. ఒకసారి నగరం వెలుపల ఒక మేళాలో కొలంబస్ పడవను ఆడించే ముందు చూడమని నన్ను పిలిచారు. పడవను మోసే కాలు దగ్గర కూర్చుని చేత్తో తడుముతుంటే ఒక పిన్ను కొసన కాటర్ పిన్ను ఉండాల్సిన చోట నా వేలికి ఇంకేదో తగిలింది. టార్చి వేసి చూస్తే సెంట్రింగ్ పనిలో వాడే మేకు, దాన్ని కొక్కెంలా వంచారు. పక్క కాలు దగ్గర ఆ మేకు కూడా లేదు, బైండింగ్ వైరు నాలుగు చుట్లు తిప్పి మెలిపెట్టారు. అక్కడి పనివాడు, పాపం పాతికేళ్ల కుర్రాడు, నా ముఖం చూసి "కుఛ్ నహీఁ హోతా సాబ్" (ఏమీ కాదు సార్) అన్నాడు. ఆ కాటర్ పిన్ను ఖరీదు ఒక బజ్జీ ఖరీదుకు మించదు. ఆ రోజు కోఠి బజారు నుంచి ఒక డబ్బా కాటర్ పిన్నులు తెప్పించి వేసేదాకా పడవ ఊగలేదు. యజమాని నాతో ఆ తర్వాత మాట్లాడలేదు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. మేళాల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు, రైడ్ కిందే పడుకుని, అక్కడే వండుకుని, అర్ధరాత్రి దాకా పనిచేసి, మూసివేసిన మేళాను రాత్రికి రాత్రి విప్పి లారీ ఎక్కించేవాళ్లు. ఆఖరి రోజూ, మొదటి రోజూ తప్పులు ఎక్కువగా జరగడానికి ఆ అలసటే కారణమని నా అభిప్రాయం. కాబట్టి ఏ మేళాకైనా మొదటి రెండు రోజుల్లో వెళ్లకండి.

మన కంటికి కనిపించని భాగం ఒకటుంది, అది లోహంలోని అలసట. ఇరుసు చక్రంతోపాటు తిరిగే రకమైతే, దాని ఉపరితలంలో ప్రతి చోటూ ఒక అర చుట్టులో నొక్కుకుంటుంది, మరో అర చుట్టులో సాగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే ఇది కూడా. నిమిషానికి 6 చుట్లు, రోజుకు మొత్తం మూడు గంటలు తిరిగినా 45 రోజుల ఎగ్జిబిషన్‌లో ఇరుసు 48,600 సార్లు అలా వంగి సాగుతుంది. అందుకే ఏటా సీజన్ ముందు ఇరుసులను అల్ట్రాసానిక్ పరీక్షకు, ముఖ్యమైన వెల్డులను రంగుద్రవం పూసి పగుళ్లు చూసే పరీక్షకు పెట్టాలి. వర్క్‌షాపుల్లో దాన్ని డీపీ టెస్ట్ అంటాం. పెయింట్ గీకేసి, ఎర్రటి ద్రవం పూసి, తుడిచి, తెల్లటి పౌడరు చల్లితే, పగులు ఉన్నచోట తలవెంట్రుకంత ఎర్రగీత పైకి తేలుతుంది. మేళాల వాళ్లు కొత్త ఊరికి వచ్చినప్పుడల్లా రైడ్‌కు నిగనిగలాడే పెయింట్ వేస్తారు, చూసేవారికి అది భరోసా ఇస్తుంది గానీ పరీక్షించేవాడికి అదే అడ్డంకి.

లోపలి నుంచి వచ్చే తుప్పు ఇంకా మోసకారి. 2017 జూలైలో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర ప్రదర్శనలో ఫైర్‌బాల్ అనే ఊగుతూ తిరిగే రైడ్ నుంచి ఒక వరస సీట్లు ఊడిపడి ఒక యువకుడు మరణించాడు, పలువురు గాయపడ్డారు. ఆ రైడ్‌ను అదే రోజు తనిఖీ చేసి అనుమతి ఇచ్చారు. సీట్లను మోసే దూలం బోలుగా ఉండే రకం, లోపలి వైపు తుప్పు పట్టి గోడ మందం ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిందని తయారీదారులు ఆ తర్వాత ప్రకటించారు. రైడ్ వయసు అప్పటికి 18 ఏళ్లు. మీరు టార్చి వేసి అలాంటి తుప్పును పట్టుకోలేరు, అది మీ పని కూడా కాదు. మీరు చూడగలిగిన గుర్తు ఒకటి మాత్రం ఉంది. వెల్డు గీత నుంచి కిందికి కారినట్టు గోధుమరంగు తుప్పు చార ఉంటే లోపల నీళ్లు చేరుతున్నాయన్నమాట, పగులు కూడా ఉండవచ్చు. చదునైన చోట పైపైన పట్టిన తుప్పు గురించి అంతగా బెంగపడనక్కరలేదు, అతుకు దగ్గర కారిన చారను మాత్రం తేలికగా తీసుకోవద్దు.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను. పోలీసు అనుమతి, అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, విద్యుత్ తనిఖీ లాంటివి మేళాకు ఉండాలి. రైడ్ల రూపకల్పన, నడపడం, తనిఖీల గురించి ప్రపంచవ్యాప్తంగా ఐఎస్‌ఓ 17842, మన దేశంలో ఐఎస్ 15475 ప్రమాణాలు ఉన్నాయి. టికెట్ కౌంటరు దగ్గర నిలబడి ఆ కాగితాలు చూపించమంటే ఎవరూ చూపించరు. రైడ్ గేటు దగ్గర ఎత్తు కొలిచే కర్ర, ఎవరు ఎక్కకూడదో రాసిన బోర్డు, రోజూ ఉదయం చేసే తనిఖీ పట్టిక ఉన్నాయా అన్నది ఒక చూపులో తెలుస్తుంది. కర్ర ఉండి కూడా దాన్ని ఎవరూ వాడకపోతే లేనట్టే లెక్క.

ఇప్పుడు మీ పిల్లల సంగతి. రైడ్ దగ్గరికి వెళ్లి టికెట్ కొనకుండా రెండు ఆటలు పూర్తిగా చూడండి. జనం కేకలు పట్టించుకోకుండా ఆపరేటరు చేతినే చూడండి. ప్రతి బారునూ అతను గానీ అతని మనిషి గానీ చేత్తో ఒకసారి గుంజి చూస్తున్నాడా, లేక పెద్దగా విజిల్ వేసి మీట నొక్కేస్తున్నాడా? ఆట నడుస్తున్నంతసేపూ అతని చూపు రైడ్ మీద ఉందా, ఫోన్ మీద ఉందా? పూర్తిగా ఆగకముందే పిల్లలు దూకుతుంటే కసురుకుంటున్నాడా? ఆ కసురుకునే మనిషి దగ్గరే మీ పిల్లలు క్షేమంగా ఉంటారు. ఇవి చూస్తే నా పరీక్షల్లో సగం పని మీరే చేసినట్టు.

కొలంబస్ పడవ విషయంలో ఒక పొరపాటు దాదాపు ప్రతి కుటుంబమూ చేస్తుంది. పిల్లవాడికి ధైర్యంగా ఉంటుందని నాన్న పక్కనే కూర్చోబెట్టుకుంటాడు, ఇద్దరికీ కలిపి ఒకే బారు దిగుతుంది. ఆ బారు నాన్న తొడల మీద ఆగిపోతుంది, పిల్లవాడి ఒళ్లో నాలుగైదు అంగుళాల సందు మిగులుతుంది. పడవ 60 డిగ్రీల దాకా ఊగితే, కింద దాటేటప్పుడు బరువు రెట్టింపు అవుతుంది, పైకొసకు చేరినప్పుడు సగానికి తగ్గుతుంది. ఆ సగం బరువున్న క్షణంలోనే సన్నని పిల్లవాడు బారు కింది నుంచి ముందుకు జారతాడు. బారు ఇద్దరికీ ఒకటే అయితే ఐదేళ్ల బాబును ఎక్కించనే వద్దు. పాప ఎత్తు కర్రను దాటితే, దాదాపు తన వయసు, తన ఒడ్డూ పొడవూ ఉన్న పిల్లల పక్కన, పడవ మధ్య వరసల్లో కూర్చోబెట్టండి. కొసల్లో కూర్చున్నవారు ఎక్కువ ఎత్తుకు వెళ్తారు, మధ్యలో ఊపు తక్కువ. చాలా పెద్ద రైడ్లకు 140 సెంటీమీటర్ల నియమం పెట్టడం వయసు కోసం కాదు, బారు తొడల మీద సరిగ్గా ఆనాలని, వీపు సీటుకు ఆనాలని. బూట్లలో ఏదో దోపి ఎత్తు పెంచి పంపే తల్లిదండ్రులను చూశాను, వాళ్లకు ఈ సంగతి తెలిస్తే అలా చేయరు.

బ్రేక్ డాన్స్, సలాంబో లాంటి గిరగిర తిరిగే వాటిలో బయటివైపు బరువైనవాళ్లు కూర్చోవాలి. తిరిగే వేగానికి లోపలివాళ్లు బయటికి నెట్టుకుపోతారు, పాప బయటివైపు ఉంటే మీ బరువంతా ఆమె పక్కటెముకల మీద పడుతుంది.

చిన్నపిల్లల రైడ్లను మనం లెక్కలోకి తీసుకోం, అక్కడే నాకు ఎక్కువ బెంగ. టోరా టోరా, బొమ్మ రైలు, గుర్రాల రంగులరాట్నం నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి ఆపరేటరుగా ఎవరో ఒక కుర్రాణ్ణి నిలబెడతారు. చున్నీ, పొడవాటి జడ, ఓణీ కొస, జారిపోయే చెప్పు చక్రంలోనో గొలుసులోనో చిక్కుకుంటే వేగం తక్కువైనా లాగడం ఆగదు. 2020లో మన నగర శివారులోనే గో కార్ట్ చక్రంలో జుట్టు చిక్కుకుని ఒక విద్యార్థిని ప్రాణం పోయింది. పాప జడను ముడివేసి టోపీలోకి దోపండి, చున్నీ మీ సంచిలో పెట్టుకోండి. ఇనుప మెట్లూ రెయిలింగులూ ముట్టుకునే ముందు వాటి చుట్టూ వైర్లు ఎలా ఉన్నాయో చూడండి. టేపు చుట్టిన అతుకు తడినేల మీద పడి ఉంటే ఆ రైడ్‌ను వదిలేయండి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే చిన్న స్విచ్ ప్రతి రైడ్‌కూ ఉండాలి, చాలా మేళాల్లో అది ఉన్నా మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి వైరు కలిపేస్తారు.

గాలి నింపిన బౌన్సీ కోటల మాట కూడా చెప్పాలి, మీ బాబు ముందు దానికేసే పరుగెడతాడు. గాలి గంటకు 38 కిలోమీటర్ల వేగం దాటితే వాటిని ఖాళీ చేయాలన్నది యూరప్ ప్రమాణం. కింద నేలలో దిగ్గొట్టిన మేకులకు గానీ బరువైన దిమ్మెలకు గానీ ప్రతి మూలా కట్టి ఉండాలి. ఇటుక ముక్కకు తాడు చుట్టి వదిలేసిన కోటను చెట్టు కొమ్మలు ఊగే సాయంత్రం వాడనివ్వకండి. లోపల పదిహేనేళ్లవాళ్లూ ఐదేళ్లవాళ్లూ కలిసి ఎగురుతుంటే బయట నిలబడి ఆగండి, చిన్నవాళ్ల చేతులు విరిగేది ఎక్కువగా అలాంటప్పుడే.

మౌత్ కా కువా (బావి గోడ మీద బండి నడిపే ఆట) చూపించమని పిల్లలు అడుగుతారు. అందులో మోటార్ సైకిల్ గోడ మీద నిలబడటానికి మాయ ఏమీ లేదు. బావి వ్యాసార్థం నాలుగున్నర మీటర్లు, వేగం గంటకు 45 కిలోమీటర్లు అయితే బండి గోడను తన బరువుకు మూడున్నర రెట్లు నొక్కుతుంది, ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడి దాన్ని జారిపోకుండా ఆపుతుంది. నడిపేవాడి కంటే పైన గట్టు మీద గుంపుగా వంగి నోట్లు అందించే జనం గురించే నాకు భయం. ఆ గట్టు చెక్కలు కాళ్ల కింద ఊగుతుంటే దిగిపోండి.

పార్కులో రైడ్లు సురక్షితమా అని కూడా మీరు ఒక వాక్యంలో అడిగారు. రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లా లాంటి చోట రైడ్లు కాంక్రీటు పునాదుల మీద ఉంటాయి, ఏటా విప్పి బిగించే పని ఉండదు, కాబట్టి పైన నేను చెప్పిన బెంగల్లో సగం అక్కడ లేవు. పాప అక్కడి రికాయిల్ అనే రోలర్ కోస్టర్ చూసి భయపడితే, ఆ బండి పట్టాల మీద కూర్చోవడమే కాక పట్టాలను పట్టుకుని కూడా ఉంటుందని చెప్పండి. పట్టాకు పైన, పక్కన, కింద మూడు వైపులా చక్రాలు ఉంటాయి. కింది చక్రాలకు జాన్ మిల్లర్ అనే ఇంజనీరు 1919లో పేటెంటు తీసుకున్నాడు, అవి వచ్చాకే కోస్టర్లు అంత తెగువగా మలుపులు తిరగగలిగాయి. బండిని తలకిందులుగా తిప్పే లూప్ గుండ్రంగా కాకుండా కన్నీటిచుక్కలా ఉండటానికీ కారణం ఉంది. పూర్తి వృత్తమైతే, పైన పడిపోకుండా దాటడానికి కావలసిన కనీస వేగంతో వచ్చినా, అడుగున మనిషికి తన బరువు ఆరు రెట్లు అనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర వృత్తాకారపు లూపులు కట్టినప్పుడు జనం మెడలు పట్టేసేవి. 1976లో అమెరికాలోని ఒక పార్కులో వెర్నర్ స్టెంగెల్ లెక్కలతో వచ్చిన చుక్క ఆకారపు లూప్ ఆ బాధ తప్పించింది.

పై నుంచి కిందికి జారవిడిచే టవర్లలో తేడా మరీ స్పష్టం. పెద్ద పార్కుల్లో చాలావాటికి అయస్కాంతపు బ్రేకులు ఉంటాయి, లోహపు పలకలు శాశ్వత అయస్కాంతాల మధ్య నుంచి పోతే చాలు, కరెంటు లేకపోయినా వేగం తగ్గుతుంది. తాత్కాలికంగా వేసే చిన్న టవర్లు చాలావరకు ఇనుప తాడు, దాన్ని చుట్టి లాగే వించి మీద ఆధారపడతాయి. 2022 సెప్టెంబరులో మొహాలీలో ఒక మేళా టవరు మనుషులతో సహా నేలమీద పడింది. మేళాలో ఏ రైడ్‌నైనా చూసి నిర్ణయించుకోమంటాను గానీ, డ్రాప్ టవరును మాత్రం చూడకుండానే వద్దంటాను.

నాంపల్లికి వెళ్లేటప్పుడు వారం మధ్యలో, గేట్లు తెరిచిన కాసేపటికి వెళ్లండి, గాంధీభవన్ మెట్రోలో దిగితే నడక దూరం. ముందు రైడ్లు, తర్వాత మిర్చి బజ్జీలు, హలీమ్. ఈ క్రమం తారుమారైతే బ్రేక్ డాన్స్ వాడికి నీళ్ల బకెట్ పని పెడతారు. ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు ప్రతి ఆపరేటరూ ఎన్ని ఆటలు పడితే అంత లాభమని తొందరలో ఉంటాడు.

మీ అమ్మగారిని జెయింట్ వీల్ ఎక్కించవచ్చు, గుండెకు స్టెంట్ గానీ, ఈ మధ్య ఏదైనా ఆపరేషన్ గానీ, తల తిరుగుడు గానీ లేకపోతే. చిన్నప్పుడు మా ఊరి జాతరలో నాలుగు పెట్టెల చెక్క రాట్నాన్ని ఒక మనిషి చేత్తో తిప్పేవాడు, ముసలివాళ్లు ఎక్కితే చక్రాన్ని భుజంతో ఆపి పట్టుకుని దింపేవాడు. ఇప్పటి ఆపరేటరుకు ఆ మాట ముందే చెప్పాలి. చాలామంది చక్రాన్ని పూర్తిగా ఆపకుండా నెమ్మదింపజేసి దిగమంటారు, పెద్దవాళ్లు పడేదీ కాలు మెలిపడేదీ ఆ ఒక్క అడుగులోనే. ఎక్కే ముందే వాడితో మాట్లాడి, పెట్టె నిలిచాకే గొళ్లెం తీయాలని చెప్పండి. పాపను బలవంతపెట్టకుండా కింద నిలబెట్టి అమ్మమ్మకు చేయి ఊపమనండి. ఆమె మెల్లగా దిగి, ఏమీ కాలేదని చూపిస్తే, రెండో టికెట్ ఎవరికి కావాలో పాపే చెబుతుంది.